పాతబడ్డాక పనికొచ్చే పుస్తకాలు

పాత కాగితాలు కొనే దుకాణంలో పుస్తకానికి ఉన్న విలువ దాని బరువే. నల్లగొండ ప్రకాశం బజారు చుట్టుపక్కల అలాంటి దుకాణాలు మా చిన్నప్పుడు చాలానే ఉండేవి. నవలైనా, గైడైనా, నిఘంటువైనా తరాజులో అన్నీ ఒకటే. సేటుకు నిఘంటువంటే ఇష్టం. మందపాటి అట్ట, వెయ్యి పేజీలు, ముల్లు గబుక్కున దిగుతుంది. పొట్లాలు కట్టే కిరాణం వాళ్ళకు మాత్రం అది నచ్చదు. కాగితం పలచన, చక్కెర పోస్తే చినుగుతుంది. అందుకని లావు పుస్తకాలు ఎవరూ ముట్టుకోక గోనెసంచుల అడుగున పడి ఉండేవి. నా ఇంట్లో ఇప్పుడున్న వాటిలో చాలా భాగం ఆ అడుగు సరుకే.

నేను కథల పుస్తకాల మనిషిని కాను. దొరికితే చదువుతాను, దొరక్కపోతే బెంగలేదు. నా పిచ్చి వేరు. నిఘంటువులు, గెజిటీర్లు, జనాభా లెక్కల పుస్తకాలు, తేదీలు చూసుకునే జంత్రీలు, రైల్వే టైంటేబుళ్ళు, వడ్డీ లెక్కల రెడీ రెకనర్లు, పిన్‌కోడ్ డైరెక్టరీలు, ఆఖరికి టెలిఫోన్ డైరెక్టరీలు కూడా. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎవరూ చదవని పుస్తకాలు ఇవి. అవసరం పడితే తీసి చూసి మళ్ళీ పెట్టేసేవి. కొత్తగా ఉన్నన్నాళ్ళు ఆఫీసుల్లో వీటికి బీరువా, తాళంచెవి, రిజిస్టరులో నంబరు, ఎంత మర్యాదో. కొత్త ఎడిషన్ వచ్చిందంటే ఫుట్‌పాతే. నన్నడిగితే వీటికి అసలు పని అక్కణ్ణుంచే మొదలవుతుంది.

అమ్మకు ఇది ఎప్పుడూ అర్థం కాలేదు. "కథా లేదు, పాటా లేదు, ఏం జూస్తవే అందుల?" అనేది. ఆ మాట నన్ను కాదు, నాయినను అనాలి. అలవాటు ఆయనదే.

నాయిన దస్తావేజు లేఖరి. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు వేపచెట్టు కింద బల్ల, బల్ల పక్కన టేకు సందుగ. సందుగ మూత తీస్తే స్టాంపు కాగితాల కంటే ముందు పుస్తకాలు కనబడేవి. స్టాంపు డ్యూటీ పట్టికలు, భూమి కొలతల లెక్కలు, అట్ట ఊడిన ఉర్దూ–తెలుగు నిఘంటువు, వందేళ్ళ తేదీలున్న ఒక జంత్రీ. కొలతల పుస్తకం నిజానికి ఆయనకు అక్కర్లేదు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. అయినా ఎదుటివాళ్ళ ముందు పుస్తకం తెరిచి, అంకె మీద వేలు పెట్టి చూపించేవాడు. అన్నదమ్ముల పంపకాల్లో ఆ వేలికి చాలా బలం ఉండేది.

ఆయన చదువు నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో సాగింది. అందుకని సేత్వార్లనే పాత భూమి రికార్డులు, ఇనాం కాగితాలు పట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. నాకు వాటి కంటే జంత్రీ మీదనే కన్ను. హైదరాబాద్ సంస్థానంలో సర్కారు కాగితాలు ఫసలీ సంవత్సరాల్లో నడిచేవి. నెలల పేర్లు ఆజూరు, దై, బహమన్, ఇస్ఫందారు, ఫర్వర్దీ, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహరేవర్, మెహర్, ఆబాన్. ఆజూరు అంటే ఇంచుమించు అక్టోబరు, ఏడాది దానితో మొదలు. "ఫసలీకి 590 కలుపు. ఇస్ఫందారు వచ్చిందా, 591 కలుపు" అని ఎక్కాలతో పాటే నేర్పాడు. బళ్ళో దీన్ని ఎవరూ అడగలేదు గానీ నాకిప్పటికీ నోటికొస్తుంది.

కలపడం వరకు ఎవరైనా చేస్తారు. అసలు తేదీ ఏమిటో తేలాలంటే మాత్రం జంత్రీ తెరవాల్సిందే. ఫసలీ, హిజ్రీ, ఇంగ్లీషు తేదీలు పక్కపక్క గడుల్లో ఉండేవి. వృద్ధాప్య పింఛను దరఖాస్తు కోసం వచ్చే ముసలివాళ్ళకు పుట్టిన తేదీ ఎక్కడిది? "పోలీసు యాక్షన్ అయినప్పుడు నా పెద్దకొడుకు పాలు తాగుతుండె" అంటుంది ఒకామె. సరే, అది 1948 సెప్టెంబరు. కొడుకు పుట్టింది దానికి ముందు ఎండాకాలమా, చలికాలమా? పెళ్ళయిన ఎన్నేళ్ళకు కాన్పు? నాయిన ఒక్కో ప్రశ్నా వేస్తూ, జంత్రీలో వెనక్కి జరుగుతూ పోయేవాడు. ఆఖరుకు ఒక సంవత్సరం దగ్గర వేలు ఆగేది. ఆమె ముఖంలో ఆశ్చర్యం చూడాలి, తను ఎప్పుడు పుట్టిందో ఎవరో చెప్పగా వినడం అదే మొదటిసారి మరి.

ఆయన సొంత తేదీ 1335 ఫసలీ ఇస్ఫందారు. లెక్క కడితే 1926 జనవరి. బడి రిజిస్టరులో మాత్రం జూలై 1. ఆ తరంలో చాలామందికి పుట్టినరోజు జూలై ఒకటే లెండి, పంతుళ్ళ పుణ్యమా అని.

ఆ జంత్రీ ఇప్పుడు నా దగ్గరుంది. 1357 ఫసలీ పేజీ అంచు నల్లగా నూనె పట్టినట్టు అయిపోయింది. అంటే 1947 అక్టోబరు నుంచి పోలీసు చర్య దాకా నడిచిన ఏడాది. పక్క పేజీలు తెల్లగానే ఉన్నాయి. జిల్లా మొత్తం తన వయసును ఆ ఒక్క ఏడాది నుంచి వెనక్కీ ముందుకీ కొలుచుకుందన్నమాట.

ఇక్కణ్ణుంచి నాకు ఒక చూపు అలవాటైంది. ఏ పాత నిఘంటువు చేతికి వచ్చినా తెరవకముందే పక్క అంచు చూస్తాను. ఏ అక్షరం దగ్గర మురికి పట్టిందో దాన్నిబట్టి ముందటి ఆసామి ఎవరో కొంత తెలిసిపోతుంది. క, ప, స ఎలాగూ నల్లబడతాయి, మాటలు ఎక్కువ కాబట్టి. ఝ, ఢ, ఔ కొత్తపెళ్ళికూతురి పాదాల్లా శుభ్రంగా ఉంటాయి. వీటికి భిన్నంగా ఎక్కడైనా మరక కనబడిందంటే అక్కడ ఏదో కథ ఉన్నట్టే. నా దగ్గరున్న శంకరనారాయణ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులో 'ఎం' అక్షరం దగ్గర గాఢంగా నలిగింది. లోపల 'మార్ట్‌గేజ్' పక్కన పెన్సిలు గీత, ఇంకొన్ని పేజీల అవతల 'మ్యుటేషన్' పక్కన ఇంకోటి. ఎవరో వకీలు గుమాస్తా అయి ఉంటాడు. నాయినలాంటివాడే.

బ్యాంకులో ఉద్యోగం వచ్చాక నా చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి, దాంతో హైదరాబాద్ ఆబిడ్స్‌లో పాత పుస్తకాల వేట మొదలైంది. ఆదివారం తెల్లవారుజామున నల్లగొండ నుంచి మొదటి బస్సు, నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా. అప్పటికింకా ఇమ్లీబన్ బస్టాండు కట్టలేదు, బస్సు గౌలిగూడలో ఆగేది. విమానాల షెడ్డులాంటి ఆ పెద్ద రేకుల గుడారం కింద డీజిలు పొగ, సమోసాల వాసన. అది 2018లో కూలిపోయిందని వార్త చూసినప్పుడు బాధేసింది. అక్కణ్ణుంచి కోఠి మీదుగా నడిచి పోయేసరికి మూసిన దుకాణాల మెట్ల మీద, ఫుట్‌పాత్ మీద టార్పాలిన్లు పరిచి పుస్తకాలు సర్దుతూ ఉండేవాళ్ళు. వారమంతా చెప్పులు, బట్టలు అమ్మే చోట ఆదివారం ఒక్కరోజు పుస్తకాల రాజ్యం.

ఆడది ఒక్కతే అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని కుప్పలు తిరగేస్తుంటే మొదట్లో వింతగా చూసేవాళ్ళు. తర్వాత పట్టించుకోవడం మానేశారు. నేను ఎక్కువగా కొన్నది ఒక ముసలాయన దగ్గర. అందరూ ఆయనను చాచా అనేవాళ్ళు, నేనూ అంతే. ఆయనకు తెలుగు చదవడం రాదు. కానీ తెలుగు నిఘంటువును అంగుళాల్లో గుర్తుపట్టేవాడు. "బేటీ, మోటీ వాలీ ఆయీ", అంటే లావుది వచ్చిందమ్మా అని సంచి అడుగు నుంచి తీసేవాడు. తీసే పద్ధతిని బట్టి ధర నాకు తెలిసిపోయేది. దుమ్ము దులిపి ఇస్తే ఎక్కువ, దులపకుండా ఇస్తే తక్కువ.

బేరానికి ఒక నియమం ఉంది. కావలసిన పుస్తకాన్ని మొదట ముట్టుకోకూడదు. పనికిరాని గైడు ఒకటి తీసి ధర అడగాలి, పెదవి విరిచి పెట్టేయాలి, లేచి రెండడుగులు వేసి "పోనీ ఇదెంత?" అనాలి. నాకు తెలుసు, చాచాకూ తెలుసు. అయినా ఇద్దరం ప్రతిసారీ ఆ నాటకం ఆడేవాళ్ళం. ధర తెగాక పౌనా చాయ్ ఆయనదే.

నా బ్రౌన్ నిఘంటువు అక్కడే దొరికింది. 1852లో మొదట అచ్చయింది కాదు, అంత భాగ్యం నాకెక్కడిది. 1903లో సవరించి వేసిన దానికి ఢిల్లీ వాళ్ళు తర్వాత తీసిన పునర్ముద్రణ. బహుజనపల్లి సీతారామాచార్యుల 'శబ్దరత్నాకరం' కూడా చాచా చలవే, అది మొదట వెలువడింది 1885లో. రెండూ ఇప్పుడు ఆంధ్రభారతి సైటులో ఉచితంగా వెతుక్కోవచ్చు, నేనూ ఫోనులో అక్కడే చూస్తాను. వేగం కావలసినప్పుడు లావు పుస్తకం ఎందుకు దించుతాను? పుస్తకం దించేది తీరిక ఉన్నప్పుడు, అదీ ఎక్కువగా అంచులో ఎవరో రాసుకున్న చేతిరాత కోసం.

సెకండ్ హ్యాండు కొనేవాళ్ళకు ఒక బాధ తప్పదు. పూర్తి సెట్టు దొరకదు. 'సంగ్రహాంధ్ర విజ్ఞానకోశం' హైదరాబాదు నుంచి ఎనిమిది సంపుటాలుగా వచ్చింది. నా దగ్గర మొదటిదీ లేదు, చివరిదీ లేదు, మధ్యలోవి కొన్ని ఉన్నాయి. అందువల్ల నా లోకజ్ఞానానికి కొన్ని అక్షరాలు లేవని మా తమ్ముడు ఎగతాళి చేస్తాడు. కొమర్రాజు లక్ష్మణరావు గారిని తలచుకుని సర్దుకుంటాను. తెలుగులో మొదటి విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న ఆయన మూడు సంపుటాలు తెచ్చేసరికి 'అ' అక్షరమే నడుస్తోంది. 1923లో పోయాడు. ఆయన చిన్నప్పుడు చదివింది మా భువనగిరిలో. తర్వాత మునగాల సంస్థానానికి దివానుగా ఉన్నాడు, అది ఇప్పుడు సూర్యాపేట జిల్లా. నల్లగొండ వాళ్ళం ఆయనను మావాడంటే కృష్ణా జిల్లావాళ్ళు ఊరుకోరు గానీ, అంటూనే ఉంటాం.

ఇంకో అలవాటు చెప్పాలి. ఏ ఇంగ్లీషు పుస్తకం చేతికొచ్చినా వెనక సూచిక తిప్పి 'ఎన్' కింద నల్లగొండ ఉందేమో చూస్తాను. ఉండదు. నలంద ఉంటుంది, దాని కిందనే నందాదేవి వచ్చేస్తుంది. ఎన్నో ఏళ్ళు అలాగే గడిచింది. ఒక ఆదివారం ఇంజనీరింగు పుస్తకాల కుప్పలో నీటి శుద్ధి మీద ఒక లావు పుస్తకం తిరగేస్తే, సూచికలో 'నల్లగొండ టెక్నిక్' అని ఉంది. ఎగిరి గంతేయబోయాను. పేజీ తీసి చదివాక కూర్చుండిపోయాను.

నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతి అది. నీళ్ళలో ఫ్లోరైడు తగ్గించడానికి సున్నం, పటిక, బ్లీచింగు పౌడరు కలిపి బాగా తిప్పి, తేరుకోనిచ్చి, వడగడతారు. పటిక ముద్దలు కట్టి ఫ్లోరైడును పట్టుకుని అడుక్కు దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడు గురించి రాసినా మా ఊరి పేరు వస్తుందన్నమాట. మునుగోడు దిక్కు అమ్మమ్మ ఊళ్ళో పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు, నలభై దాటకుండానే నడుము వంగిపోయిన మనుషులు, చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగినవాళ్ళం మేము. ఊరు పేరు ఒక పుస్తకంలోకి ఎక్కడానికి కారణం అదని తెలిశాక ఏమనిపిస్తుంది? కొన్నాను. చాచా దులపకుండానే ఇచ్చాడు.

దాని తర్వాత దొరికింది 1981 నల్లగొండ జిల్లా జనాభా లెక్కల హ్యాండ్‌బుక్. ఇలాంటి పుస్తకం ఒకటుందని చాలామందికి తెలియదు. జిల్లాలో ప్రతి ఊరికీ ఒక వరస ఉంటుంది. విస్తీర్ణం, జనం, ఇండ్లు, బడి, దవాఖాన, తాగే నీళ్ళు, పోస్టాఫీసు, అంగడి రోజు, రోడ్డు, కరెంటు, ప్రధానంగా తినే తిండి కూడా. అన్నీ పొడి అక్షరాల్లో. ప్రాథమిక పాఠశాలకు 'పి', బావికి 'డబ్ల్యు', మట్టిరోడ్డుకు 'కె.ఆర్.'. ఒక ఊరి బతుకంతా అరచేతి వెడల్పు వరసలో ముగిసిపోతుంది.

అమ్మమ్మ ఊరి వరస తీసి అమ్మకు చదివి వినిపించాను. అప్పటిదాకా నా పుస్తకాల మీద ఆమెకు లేని గౌరవం ఆ రోజు పుట్టింది. పుట్టింటి మాట కదా. బడి అంటే తలూపింది, రోడ్డంటే నవ్వింది. "నీళ్ళు: బావి" అనగానే ఆపింది.

"ఏ బాయి?"

"అది రాయలేదమ్మా. బావి అని ఉంది, అంతే."

"ఊరి నడిమిట్ల బాయి నీళ్ళు చేదు, బర్రెలు గూడ తాగకపోయేటివి. తాగేటి నీళ్ళకు మైలు దూరం పోయెటోళ్ళం. మీ చిన్నమ్మకు నడుము పట్టింది ఆ బిందెలు మోసే అనుకున్నం. నీళ్ళతోని అని ఎవరికెరుక?"

ఆ 'డబ్ల్యు' పక్కన అంచులో పెన్సిలుతో ఆమె మాట చిన్నగా రాసిపెట్టాను. అంచుల్లో రాయడం అప్పుడే మొదలైంది. ఆ తర్వాత ఇంటికి వచ్చే చుట్టాలందరికీ ఆ పుస్తకం గండమైంది. కూర్చున్నవాళ్ళను కూర్చోనివ్వక వాళ్ళ ఊరి వరస తీసి అడిగేదాన్ని. అంగడి రోజు దగ్గర జరిగినన్ని గొడవలు ఎక్కడా జరగలేదు. పుస్తకం ఒక రోజంటుంది, మేనమామ ఇంకో రోజంటాడు, ఆయన భార్య "నీకేం దెల్సు, అంగడికి పోయింది నేను" అంటుంది.

తర్వాత బదిలీలు మొదలయ్యాయి. దేవరకొండలో కొన్నాళ్ళు, అక్కణ్ణుంచి పాలమూరు జిల్లాకు, ముందు కొల్లాపూర్, ఆఖర్న మహబూబ్‌నగర్. కొల్లాపూర్ అంటే అందరికీ మామిడిపండ్లు గుర్తొస్తాయి. నాకు మా ఆఫీసులో పనిచేసిన అటెండరు గుర్తొస్తాడు. కృష్ణ ఒడ్డు ఊరు ఆయనది. శ్రీశైలం ప్రాజెక్టు నిండినప్పుడు మునిగిపోయిన ఊళ్ళలో ఒకటి. ఆ రోజుల్లో నది ఒడ్డు గుళ్ళను రాయి రాయీ విప్పి మెట్టకు చేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం ఇప్పుడు అలంపూర్‌లో చూడొచ్చు, సోమశిల గుళ్ళు కూడా అలా జరిగినవే. ఇండ్లకు ఆ యోగం లేదు. జనం దొరికిన చోట గుడిసె వేసుకున్నారు.

మహబూబ్‌నగర్‌లో గడియారం చౌరస్తా దగ్గర పాత పుస్తకాల బండి మీద 1971 నాటి జిల్లా హ్యాండ్‌బుక్ దొరికింది. ఏదో ఆఫీసు 'కొట్టివేయబడినది' అని ముద్ర గుద్ది వదిలేసిన ప్రతి. పటం ఎవరో చింపుకున్నారు. సోమవారం కొల్లాపూర్ ఆఫీసుకు పట్టుకుపోయి, మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ అటెండరును పిలిచి ఆయన ఊరి పేరు మీద వేలు పెట్టాను. నాయిన పెట్టినట్టే.

ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. "మేడం, గిది మా ఊరేనా?" అన్నాడు. పక్కన ఇండ్ల సంఖ్య చదివాను. ఒప్పుకోలేదు. "ఎక్కువ రాసిండ్రు. గన్ని యాడున్నయి?" అన్నాడు. గోడకు ఆనుకుని లెక్క మొదలుపెట్టాడు. ఊరి మొదట్ల బోయోళ్ళవి, చావడి వెనక కుమ్మరోళ్ళవి, కోమటోళ్ళవి రెండు, గుడి పక్క సందులో అయ్యవారి ఇల్లు, దాని ఎదురుగా కూలిన ఇల్లు. "కూలిన ఇల్లు లెక్కల వస్తదా మేడం?" మనుషులుంటే వస్తుందన్నాను. "ముసలామె ఉండె" అన్నాడు, ఇంకో వేలు మడిచాడు. క్యాషియరు కిటికీ తెరిచే వేళైంది, జనం వచ్చి నిలబడ్డారు, ఆయన ఇంకా నది వైపు సందులోనే ఉన్నాడు.

మరునాడు పొద్దున వస్తూనే, "మా అమ్మనడిగిన, నది తట్టు ఇండ్లు నేను మర్చిన. పుస్తకం నిజమే, ఇంక రెండు తక్కువనే రాసిండ్రు" అన్నాడు. ఆ రెండిండ్ల వాళ్ళు లెక్కలప్పుడు కూలికి బొంబాయి పోయి ఉంటారని ఆయన తల్లి అందట. పాలమూరు వలసలు తెలిసిన ఎవరికైనా ఇది అనుమానించాల్సిన మాట కాదు. ఆ పేజీ జిరాక్సు తీసి ఇచ్చాను. వేలితో చూపించిన వరస కింద ఎర్ర పెన్నుతో గీత గీయమన్నాడు, గీశాను.

కొత్త హ్యాండ్‌బుక్ ఎంత బాగున్నా ఈ పని చేయలేదు. కొత్తదాంట్లో ఆ ఊరికి వరసే ఉండదు. పాత సమాచారం దండగ అని పుస్తకాలు అవతల పారేసేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. నిన్నటి ధరల పట్టిక రేపటి వ్యాపారానికి పనికిరాకపోవచ్చు. నిన్న ఏమైందో తెలియాలంటే అదే కావాలి. నా రెడీ రెకనర్లో వడ్డీ పట్టికలు చూస్తే, కంప్యూటర్లు రాకముందు సాయంత్రాలు ఎందుకంత ఆలస్యంగా ఇంటికి వెళ్ళేవాళ్ళమో పిల్లలకు వివరించక్కర్లేదు.

కొన్న పుస్తకాన్ని బతికించుకోవడం ఇంకో ముచ్చట. మహబూబ్‌నగర్‌లో జిల్దు కట్టే ఒక పెద్దాయన ఉండేవాడు. మైదా గంజి ఉడికిస్తూ అందులో మైలుతుత్తం వేసేవాడు, పురుగు దగ్గరికి రాదు. గంజి నీలంగా మారేది, ఆయన గోళ్ళు కూడా. పని బంగారం, తొందర మాత్రం లేదు. ఉగాదికి ఇచ్చినది దసరాకు తెచ్చుకోవాలి. ఒక్కటే భయం, కటింగు మిషను. అంచులు సమానంగా కోస్తే పుస్తకం అందంగా ఉంటుందని ఆయన పట్టుదల. కోస్తే ముందటి ఆసామి చేతిరాత, నలిగిన అంచు, మా అమ్మ మాట, అన్నీ చెత్తబుట్టలోకి. "పెద్దయ్యా, కొయ్యొద్దు" అని అట్ట మీద కాగితం అంటించి ఇచ్చేదాన్ని. ఆయన దృష్టిలో అది సగం పనే. డబ్బులు కూడా సగమే తీసుకునేవాడు.

బ్రిటానికా వాళ్ళు ఇక అచ్చు వేయబోమని 2012లో చెప్పాక ఫుట్‌పాత్ మీద ధరలు పడిపోయాయి. ఒకప్పుడు వాయిదాల మీద కొని షోకేసులో పెట్టుకున్న సెట్లు వరసగా బయటికొచ్చాయి, చాలావాటిలో పేజీలు ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి, ఎవరూ తెరవలేదు మరి. నేను కొనలేదు. తెరవని పుస్తకంలో నాకు చూడటానికి ఏముంటుంది? పైగా మా ఇంట్లో జాగా లేదు. ఇప్పటికే టెలిఫోన్ డైరెక్టరీలు వంటింటి అటక ఎక్కాయి, అవి దించితేనే ఇంట్లోకి వస్తానని కోడలు నవ్వుతూ అంటుంది. నవ్వుతూనే అంటుంది కాబట్టి ఇంకా దించలేదు.

1961 మహబూబ్‌నగర్ హ్యాండ్‌బుక్ కోసం చూస్తున్నాను. 1971 దాంట్లో లేని ఆ రెండిండ్లు అందులో కలిశాయో లేదో చూడాలని అటెండరుకూ ఉంది, ఉద్యోగం దిగాక కూడా ఫోన్ చేసి అడుగుతుంటాడు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ దిక్కు ఎవరికైనా పాత దుకాణంలో కనబడితే చెప్పండి. పటం లేకపోయినా ఫరవాలేదు, అట్ట లేకపోయినా సరే. కొల్లాపూర్ తాలూకా పేజీలు ఉంటే చాలు. ధర దగ్గర నాటకాలు ఆడను.